మూడు తరముల కచేరీ

సంగీతమునందు అభిరుచి గల నలుగురు కూడినచోట ఒక వాదము తప్పక పుట్టుచుండును. "ఆ కాలపు కచేరీలేవి? ఆ మనోధర్మమేది?" అని పెద్దలు నిట్టూర్తురు. "ఆ కచేరీలు మీరు మాత్రము వింటిరా? మీ తాతలు వినిరి. మేము రికార్డులు వినియే మాటలాడుచున్నాము, నేటివారు ఏమియు తీసిపోలేదు" అని చిన్నవారందురు. విశాఖపట్టణమున ఈ వాదమునకు కొంత వేడి యెక్కువ. ఇచ్చటికి సుమారు అఱువది కిలోమీటర్ల దూరమున విజయనగరమున్నది. 1979లో ప్రత్యేక జిల్లా యగువఱకు ఆ పట్టణము విశాఖపట్టణము జిల్లాలోనిదే. ఆదిభట్ల నారాయణదాసుగారి గజ్జెలు మ్రోగినది అచ్చట. ద్వారం వేంకటస్వామినాయుడుగారు పెరిగినది విశాఖతీరమున, పేరు పొందినది విజయనగరమున. కావున ఇచ్చట పూర్వుల ప్రశంస వచ్చినపుడు అది ఊరక సంగీతచర్చగా నుండదు. ఇంటి పెద్దల మాటగా మాఱును. ఇంటి పెద్దల మాట యైనపుడు విమర్శ నోరు మూసికొనును. అట్లు మూసికొనుట పెద్దలకు గౌరవము గాదని తలచి మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదట పోల్చవలసిన వస్తువేదో తేల్చుకొందము. కచేరీ యనగా వ్రాసియుంచిన గ్రంథమును చదువుట గాదు. త్యాగరాజస్వామి కృతి కట్టియున్నది. దానికి ముందు పాడు ఆలాపన కట్టియుండదు. గాయకుడు రాగమును కొంచెము కొంచెముగా విప్పును. వయొలిను వాయించువారు దానిని విని, తమకు తోచినది తమ వంతుగా చెప్పుదురు. సాహిత్యములో నొక పాదమును పట్టుకొని నెరవు సేయునపుడును, స్వరకల్పన సేయునపుడును, ఒకరు విసరినదానిని మఱొకరందుకొందురు. మృదంగము, ఘటము వాయించువారు ఆ లెక్కను కనిపెట్టుచు వచ్చి ముక్తాయింపుకడ అందఱితో కలియుదురు. కూడి అభ్యాసము చేసికొనివచ్చుట మన కచేరీలలో నియమము గాదు; పలుమాఱులు ఒకరి పోకడ ఒకరికి వేదికమీదనే తెలియును. పాడువారి పాండిత్యము ఇందు సగము మాత్రమే. ఎదుటివారు చెప్పినది వినుట తక్కిన సగము. మేము మనోధర్మమని యీ వ్యాసములో ననునది ఈ రెంటిని కలిపి.

ఇట్టి విద్య మనకొక్కరికే కలదనుకొనుట బావిలోని కప్ప వంటి గర్వము. అమెరికాదేశమున 1965లో గ్రేట్‌ఫుల్ డెడ్ అను వాద్యబృందము పుట్టెను. వారు ఒక్కొక్క పాటను రాత్రికొక తీరుగ పెంచి వాయించుచు ముప్పది సంవత్సరములలో రెండువేల మూడువందలకు పైగా కచేరీలు చేసిరి. వారి యభిమానులు టేపుయంత్రములను సభకు తెచ్చుకొని కచేరీలను పట్టి యుంచిరి, బృందమువారును వలదనలేదు. 1972వ సంవత్సరపు వాయింపు గొప్పదా, 1977వ సంవత్సరపుది గొప్పదా యని ఆ రసికులు నేటికిని కలహించుకొనుచున్నారు. కలహించుకొన్నను వారి కలహమునకు ఆధారమున్నది: ఈ రాత్రియు వినవచ్చును, ఆ రాత్రియు వినవచ్చును. మన కలహమునకు ఆధారమేది? మన పూర్వుల రాత్రులు వారితోనే పోయినవి. మిగిలినవి కొన్ని గ్రామఫోను పలకలు, కొన్ని రేడియో టేపులు, పెక్కు కథలు. వీనిని ఒక్క త్రాసులో వేసి తూచుటవలననే మన వాదములన్నియు పెడదారి పట్టుచున్నవి.

నారాయణదాసుగారి కాలమును చూడుడు. ఆయన 1864లో బొబ్బిలి ప్రాంతమున అజ్జాడ గ్రామమున జన్మించి 1945లో పరమపదించెను. 1883లో కుప్పుస్వామినాయుడను భాగవతుడు చెప్పిన హరికథ విని, తానును ఆ విద్యను చేపట్టెను. చేపట్టి, దాని స్వరూపమునే మార్చివేసెను. రెండు చేతులు, రెండు కాళ్లు, శిరస్సు వీనితో ఒక్కసారిగ అయిదు తాళములు చూపుటచేత ఆయనకు పంచముఖి పరమేశ్వరుడని బిరుదము వచ్చెనని అందఱెఱుగుదురు. అందఱును తలచుకొనునది ఈ యద్భుతమునే. మా దృష్టిలో ఇది ఆయన గొప్పతనములో చిన్న భాగము. కథకుడు గంటలకొలది నిలువబడి, ఆడుచు, పాడుచు, మధ్య మధ్య వచనము చెప్పుచు, సభలో ఎవరున్నారో చూచి దానికి తగిన పిట్టకథను అప్పటికప్పుడు అల్లుచు, వెనుక నున్న మృదంగమును వయొలినును తన వెంట త్రిప్పుకొనవలెను. పండితులు ముందు వరుసలో నున్న రాత్రి కథ యొక తీరు; పల్లెవారు పందిరి నిండిన రాత్రి అదే కథ మఱియొక తీరు. ఆయన వ్రాసిన యక్షగానములు, హరికథలు నేడు పుస్తకములుగా లభించుచున్నవి. అవి చదివినవాడు దాసుగారి సాహిత్యమును తెలిసికొనును గాని దాసుగారి రాత్రిని తెలిసికొనలేడు. అచ్చులోనికి వచ్చినది ఎముకలగూడు. ప్రాణము సభలో నుండెను.

అయినను ఆ తరమును గుఱించి మాటలాడునపుడు అందలి చీకటిని మఱచుట న్యాయము గాదు. హరికథాపందిరిలోనికి ఎవరైన వచ్చి కూర్చుండవచ్చును. సంస్థానపు కచేరీ అట్టిది గాదు. దొరగారు వినుమన్నపుడు పాడవలెను, మానుమన్నపుడు మానవలెను. రాగము ఎంతసేపు సాగవలెనో గాయకుని మనోధర్మము కంటె ప్రభువు మనస్సే యెక్కువగా నిర్ణయించుచుండెను. మైకులు లేని కాలము గనుక పురుషులు సయితము హెచ్చు శ్రుతిలో, గొంతు చీల్చుకొని పాడవలసివచ్చెను. దానిని నేడు "కంచుకంఠము" అని మెచ్చుకొనుచున్నాము. ఆ కంచులో ఎన్ని సున్నితములైన గమకములు కరగిపోయినవో ఎవరు చెప్పగలరు?

మఱియు మేజువాణి యున్నది. సంస్కారప్రియులగు మా చదువరులకు ఈ పేరే రుచింపదని యెఱుగుదుము. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములో సౌజన్యారావుపంతులుగారికి వేశ్యలతో మాటలాడకూడదను నియమమున్నది. అందువలన మధురవాణి పురుషవేషము ధరించి ఆయనను చూడవలసివచ్చెను. ఆ ఘట్టము జరుగునది విశాఖపట్టణముననే. మన సంస్కరణోద్యమపు బలమును, దాని గ్రుడ్డితనమును ఆ యొక్క ఘట్టమున చూడవచ్చును. కలవంతుల స్త్రీలు పదమును కూర్చుండి అభినయించుచు, ఒక్క పాదమును పదిమాఱులు పాడి పది యర్థములు చూపుచుండిరి. నాయిక ఇంకను రాని నాయకుని పిలుచుచున్నదో, వచ్చినవానిని ఎత్తిపొడుచుచున్నదో, తన్ను తానే ఓదార్చుకొనుచున్నదో మాటలు చెప్పవు. కనుబొమ చెప్పును, స్వరపు వంపు చెప్పును. ఇది శుద్ధమైన మనోధర్మము. శాస్త్రజ్ఞులు రాగమున చేయుదానిని వీరు మాటలో, ముఖమున, రాగమున, మూడింట ఒక్కసారిగ చేయుచుండిరి.

ఆ స్త్రీల జీవితమును కట్టివేసిన సంకెల త్రెంపవలసినదే. 1947లో మద్రాసు రాష్ట్రమున చేయబడిన దేవదాసీ సమర్పణ నిషేధచట్టమును మేము ముమ్మాటికి మేలని చెప్పుదుము. కాని సంకెలతోడ చేతినిగూడ నఱకితిమి. విద్య వేఱు, ఆ విద్య గలవారిని సంఘము పెట్టిన దుఃస్థితి వేఱు అని వేఱుచేసి చూచుటకు మన సంస్కర్తలకు ఓపిక లేకపోయెను. తరువాత ఆ పదములను, జావళులను కచేరీ చివర పది నిమిషములు పాడుటకు కుటుంబస్త్రీలు నేర్చుకొనిరి. మర్యాదగా, కదలకుండ, ఒక్కొక్క పాదమును రెండేసిమాఱులు. పదిమాఱులు పాడిన స్త్రీల పేరైనను ఆ వేదికలమీద వినబడలేదు. పూర్వపు కచేరీలు గొప్పవని నిట్టూర్చు పెద్దలు ఈ నష్టమును లెక్కలోనికి తీసికొనకపోవుట మాకు వింతగా తోచును. పోయినదానిలో నిజముగ తిరిగి రానిది ఇదియే.

ఇక ద్వారమువారి కాలమునకు వత్తము. మా యభిప్రాయమున ఈ వాదమంతయు తేలవలసినది ఆయనకడనే; ఏలయన పాత తరమును క్రొత్త తరమును ఆయన యొక్క జీవితములో కలిసినవి.

ఆయన 1893లో బెంగుళూరున జన్మించెను. అన్న వేంకటకృష్ణయ్యగారు తొలిగురువు. కంటిచూపు మందము. 1919లో విజయనగరమున విజయరామ గానపాఠశాల వెలసినపుడు నారాయణదాసుగారు దాని తొలి యధ్యక్షులు. అందు విద్యార్థిగా చేరవచ్చిన యువకుని వాద్యము విని, దాసుగారు ఆయనను ఆచార్యునిగా తీసికొనిరను సంగతి ప్రసిద్ధము. 1936లో దాసుగారు విరమింపగా ద్వారమువారు అధ్యక్షులైరి. 1938లో వేలూరున తొలిసారిగ వయొలినును ఏకవాద్యముగా కచేరీ చేసిరి. 1941లో మద్రాసు సంగీతవిద్వత్సభ సంగీతకళానిధి బిరుదమిచ్చెను. 1957లో పద్మశ్రీ వచ్చెను. 1964లో కీర్తిశేషులైరి.

ఈ తేదీలలో 1938 మాకు ముఖ్యమైనది. అంతవఱకు మన కచేరీలలో వయొలిను పక్కన కూర్చుండు వాద్యము. బాలుస్వామిదీక్షితులవారి కాలమునుండి నూఱేండ్లకు పైగా అది గాయకుని వెంట నడచినదేగాని ముందు నడచినది గాదు. పక్కవాద్యము వాయించువాడు రెండు పనులు చేయవలెను: గాయకుడు పోవు దారిని ఊహించి నీడవలె పోవుట, తన వంతు వచ్చినపుడు ఆ దారిలోనే తన యడుగు కనబఱచుట. ద్వారమువారు పెక్కేండ్లు ఈ పని చేసి, ఆపై ముందు స్థానమునకు వచ్చిరి. ఇందువలన వయొలినుకు గౌరవము వచ్చెనని అందఱు సంతోషింతురు. మేమును సంతోషింతుము. కాని విమర్శకుడు అడుగవలసిన ప్రశ్న యొకటి యున్నది: పక్కవాద్యపు ద్వారమువారికి, ఏకవాద్యపు ద్వారమువారికి మనోధర్మమున భేదమేమి?

మాకు తోచిన సమాధానమిది. గాయకుని వెంట వాయించువారికి ఎదురుమాట కలదు. ఆ యెదురుమాటయే వారిని కదలించును. ఏకవాద్యమున ఎదురుమాట లేదు. మాటాడువారును వినువారును తామే కావలెను. సామాన్యులైన వాదకులు ఈ స్థితిలో రెండు తప్పులలో నొకటి చేయుదురు. వేగము పెంచి సభను భ్రమింపజేయుట యొకటి. తమకు వచ్చినదంతయు వల్లె వేయుట యింకొకటి. ద్వారమువారు ఈ రెండును చేయలేదు. ఆయన కమాను పొడవుగా, విఱుగక సాగును. ఒక పలుకు పలికిన పిమ్మట చిన్న విరామమిచ్చును. ఆ విరామమున ఆయన తన పలుకును తానే విన్నట్లు మనకు తోచును. తరువాతి పలుకు దానికి సమాధానముగా వచ్చును. పక్కవాద్యపు వినికిడిని ఆయన ఏకవాద్యములోనికి తెచ్చుకొనెనని దీని యర్థము. 1952లో యెహుదీ మెనూహిన్ భారతదేశమునకు వచ్చినపుడు మద్రాసున రాజమన్నారుగారి యింట ద్వారమువారిని విని మెచ్చుకొనినాడని చెప్పుకొందురు. మెచ్చుకొనినది పాశ్చాత్యుడు గనుక గొప్ప యని మనవారు దానిని పదే పదే తలచుకొందురు. ఆ వాదకుడు మెచ్చదగినది ఈ విరామమునే యని మేమనుకొందుము.

మైకు సభలలో వ్యాపించినదియు సుమారు ఆ కాలముననే. వయొలిను ఏకవాద్యముగా పెద్ద సభలో నిలిచిన కాలమును, మైకు వచ్చిన కాలమును ఒకటి యగుట కాకతాళీయము గాదు. మైకు లేనిచో వేయిమంది కూర్చున్న పందిరిలో ఆ చిన్న వాద్యపు సున్నితనము మూడవ వరుసకైన చేరదు. యంత్రము వచ్చి విద్యను చెఱచెనని మొఱపెట్టువారు ఈ సంగతిని గమనింపవలెను. యంత్రమే లేకపోయినచో వారు నేడు పూజించు ద్వారమువారి ఏకవాద్యము సభలో నిలిచియుండెడిది గాదు. శ్రుతి తగ్గెను, గొంతులు నెమ్మదించెను, గమకములు వినబడసాగెను. అది లాభము.

నష్టమును అదే యంత్రపు తోబుట్టువు తెచ్చినది. గ్రామఫోను పలక ఒక ప్రక్క సుమారు మూడు నిమిషములు పలుకును. ఆ మూడు నిమిషములలో రాగమును చూపి, కృతిని వాయించి, నాలుగు స్వరములు వేసి ముగింపవలెను. ద్వారమువారి పలకలు వినునపుడు మాకు ప్రతిమాఱు ఆశ్చర్యము కలుగును: ఒక్క పలుకు వ్యర్థము గాదు, ఒక్కటి తొందరపడినట్లు తోచదు. మహాకవి చాటుపద్యము చెప్పినట్లుండును. కాని చాటుపద్యము చూచి మహాకావ్యమును తూచుదురా? నేటి యువకులు చేయుచున్నది ఇదియే. "పెద్దల ఆలాపన విన్నాము, ఒకటిన్నర నిమిషమే కదా!" అని యొక విద్యార్థి మాతో ననెను. ఒకటిన్నర నిమిషము ద్వారమువారిది గాదు, పలకది. ఆయన చివరి దశలోని రేడియో టేపులు కొన్ని వినవచ్చుచున్నవి. వానిలో అదే చేయి తీరుబడిగా నడచును; ఒక స్వరముకడ నిలిచి, ఇటు పోదునా అటు పోదునా యని యాలోచించినట్లుండి, మనమనుకొనని దిక్కునకు పోవును. చేతి బిగువు పలకలలోనిదే మేలని కొందఱందురు. నిజము గావచ్చును. వయస్సు చేతికి వచ్చును. అయినను మమ్మెవరైన ఒకదాని నెన్నుకొనుమన్నచో, బిగువు తగ్గిన ఆ టేపులనే యెన్నుకొందుము; ఆ యాలోచన పలకలలో వినబడదు గనుక.

ఆ తరముననే కచేరీ పద్ధతియు మాఱినది. అరియకుడి రామానుజ అయ్యంగారు (1890-1967) వర్ణముతో మొదలిడి, పెక్కు కృతులు పాడి, రాగము తానము పల్లవులను మితముగా నుంచి, తుకడాలతో ముగించు క్రమమును స్థిరపఱచెను. పల్లవియే సభనంతయు మ్రింగివేయు పాత పద్ధతిలో సామాన్యశ్రోత ఆవులించుచుండెననుట యథార్థము. ఈ క్రొత్త క్రమము కచేరీని గృహస్థులకు దగ్గఱచేసెను. మా వంటివారము సంగీతము వినుటకు సాహసించినది ఆ క్రమమువలననే. దానిని తప్పుపట్టము.

రేడియో మాట వేఱు. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948లో, విశాఖపట్టణము కేంద్రము 1963లో ఏర్పడినవి. రేవులో పనిచేయువాని యింటికిని, కొండవాలు గుడిసెకును ఒక్క సంగీతమే చేరెను. సంస్థానములు నూఱేండ్లలో చేయలేని పనిని రేడియో పదియేండ్లలో చేసినది. దీనికి మేమెంతయు కృతజ్ఞులము. కాని రేడియోగదిలో శ్రోతలు లేరు. గోడకు ఎఱ్ఱదీపము, గడియారము, అద్దము వెనుక నొక యుద్యోగి. "భేష్" అనువారు లేరు, తల యూపువారు లేరు, లేచి పోవువారును లేరు. అరగంటకు కార్యక్రమము ముగియవలెను. ఇట్టి గదిలో నలువదేండ్లు పాడిన తరము తప్పులేకుండ పాడుటను నేర్చుకొనెను. తెగించి పాడుటను కొంత మఱచెను. రాగము ఎచ్చట ముగియునో గాయకునికి ముందే తెలియవలసి వచ్చినపుడు, ఎచ్చటికి పోవునో తెలియని యాలాపనకు చోటెక్కడిది?

నేటి విశాఖపట్టణము ఆ నాటిది గాదు. 1933లో రేవు తెఱచినపుడు చిన్న పట్టణముగా నుండినది, ఓడల కర్మాగారముతోను, విశ్వవిద్యాలయముతోను పెరిగి, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారముతో మహానగరమయ్యెను. ఉక్కునగరమున తమిళులు, ఒరియావారు, వంగీయులు మనవారితో కలిసి కాపురముండి, పిల్లలకు వీణ, వయొలిను చెప్పించుచున్నారు. పిఠాపురం కాలనీలోని కళాభారతివంటి మంచి మందిరములున్నవి. కుర్చీలు, చల్లదనము, దీపములు, అన్నియు నున్నవి. నాటి దివాణమున గుమ్మము బయట నిలువవలసిన వారి బిడ్డలు నేడు ముందు వరుసలో కూర్చుండుచున్నారు, వేదికపైనను కూర్చుండుచున్నారు. ద్వారమువారి కుమార్తె మంగతాయారుగారు వయొలిను విదుషీమణిగా పేరు పొందిరి. స్త్రీల పాటకు మృదంగము వాయించుటకు పేరున్న వాదకులు వెనుకాడిన రోజులుండెను. నేడు మృదంగమును ఘటమును స్త్రీలే వాయించుచున్నారు. హరికథలోనైతే తెలుగుదేశమున స్త్రీలు పురుషులను మించి వచ్చిరి. కపిలేశ్వరపురమున సర్వారాయ హరికథాపాఠశాల ఎందఱో బాలికలను కథకురాండ్రుగా తీర్చినది. పూర్వకాలమును పొగడువారు ఈ లాభమును త్రాసున వేయక పక్కన పెట్టుట సరిగాదు.

ఇంత లాభము కలిగియు నేటి కచేరీ మమ్ము తృప్తిపఱపకుండుటకు కారణమేమి? ముక్కుసూటిగా చెప్పుదుము.

సాయంకాలము ఆరుగంటలకు మొదలిడి ఎనిమిదిన్నరకు ముగించు సభలో అరగంట శాలువలకు పోవును. దాతకు శాలువ, దాతగారి మిత్రునికి శాలువ, శాలువలు కప్పినవారికి శాలువ. మిగిలిన రెండు గంటలలో పది కృతులు పాడవలెను. వయొలినుకు వంతు వచ్చునప్పటికి గాయకుడు గడియారము చూచును. తని ఆవర్తనము మొదలిడగానే సగము సభ కాఫీకి లేచును. ప్రతి సభలోను ఇది చూచి చూచి మృదంగము వాయించువారును వినువారు లేని మాట వాయించుట అలవాటు చేసికొనిరి. శబ్దయంత్రము చెవులు పగులునట్లు పెట్టుటచేత ఒకరి వాద్యము మఱొకరికి తమ ముందున్న పెట్టె ద్వారమున మాత్రమే వినబడును. మూరెడు దూరమున కూర్చున్నవారు పెట్టెద్వారమున మాటలాడుకొనవలసి వచ్చినది!

వీనికంటె పెద్దది మఱొకటి. ఇటీవల మేమొక సభలో ఒక యువగాయకుని వింటిమి. పేరు, ఊరు అప్రస్తుతము, విద్య గలవాడే. ఒక రాగమున మంద్రస్థాయికి దిగివచ్చి, ఒక స్వరముకడ తడబడినట్లు నిలిచి, వయొలినువైపు చూచి చిఱునవ్వు నవ్వి, వింతయైన మెలికతో బయటపడెను. సభ చప్పట్లు కొట్టెను. మేమును ఆనందించితిమి. ఇంటికి వచ్చి యూట్యూబులో అతని వేఱొక కచేరీని వినగా, మూడు నెలలకు ముందు వేఱొక పట్టణమున అదే రాగమున, అదే స్వరముకడ, అదే తడబాటు, అదే చిఱునవ్వు, అదే మెలిక! తడబాటునుగూడ అభ్యసించివచ్చినాడు. అతనిని నిందింపలేము. ముందు వరుసలో పది చేతులు పది ఫోనులు ఎత్తి పట్టుకొన్నవి. ఆ రాత్రి నిజముగ తడబడినచో ఆ తడబాటు తెల్లవాఱునప్పటికి సముద్రములు దాటును, ఎన్నడును చెఱగదు. నారాయణదాసుగారు ఒక రాత్రి తప్పటడుగు వేసినను అది ఆ పందిరితోనే పోయెను. రాత్రి నశించుచుండెను గనుక వారు తెగించిరి. రాత్రి నశింపదు గనుక వీరు వెఱచుచున్నారు.

ఇచ్చట నొక యాక్షేపము రాగలదు. గ్రేట్‌ఫుల్ డెడ్ వారి కచేరీలనుగూడ టేపులపై పట్టిరి గదా, వారేల వెఱవలేదు? ఆక్షేపము బలమైనదే. మాకు తోచిన భేదమిది. వారి శ్రోతలు దాదాపు ప్రతి రాత్రిని పట్టి, రాత్రికి రాత్రికి గల భేదమును వెదకుచుండిరి. నిన్న వాయించినట్లే నేడు వాయించినచో వారికి నిరాశ. తప్పు పోయినను సరే, క్రొత్తది కావలెను. మన శ్రోత అట్టివాడు గాడు. అతడు ఒక్క ముక్కను పట్టి, మెచ్చినచో పదిమందికి పంపును; తప్పు దొరకినచో నూఱుమందికి పంపును. యంత్రము రెండు చోట్లను ఒకటియే. వినువారి కోరిక వేఱు. కావున ఫోనులను నిషేధించినంత మాత్రమున మనోధర్మము తిరిగి వచ్చునని మేము నమ్మము.

మన ప్రాంతమున నేటికిని తప్పెటగుళ్లు ఆడువారిని చూచినవారికి ఈ మాట తేటపడును. రొమ్మున కట్టిన గుండ్రని తప్పెటలపై కొట్టుచు వలయముగా తిరుగుచు పాడు ఆ బృందములు పాడిన కథనే యేటేట పాడును. ఊరివారికి కథ కంఠపాఠము. కథ తెలిసియున్నందుననే ఈ యేడు మన పిల్లలు ఏమి క్రొత్తగా చేసిరో యని చూతురు. శాస్త్రీయసంగీతశ్రోతలమగు మనము టికెట్టు కొని, తెలిసిన కృతిని తెలిసినట్లే విని, తెలిసినందుకు సంతోషించి లేచిపోవుచున్నాము.

కావున పూర్వులు గొప్పవారా, నేటివారు గొప్పవారా యను ప్రశ్నను మేము అంగీకరింపము. దాసుగారి రాత్రికిని నేటి రెండు గంటలకును పోలిక లేదు. పలకలోని మూడు నిమిషములకును ఫోనులోని ముక్కకును పోలిక కొంత యున్నది, అందు పలకయే గెలుచును. పోల్చదగినది వినువారిని. ఆ విషయమున మా తీర్పు నేటికి వ్యతిరేకము. సంస్థానపు సభలో నలువదిమంది వినిరి, ఆ నలువదిమందియు విద్వాంసుని తప్పును ఒప్పును ఆ క్షణముననే తెలిసికొనిరి. నేడు నాలుగువందలమంది వచ్చుచున్నారు. వచ్చుట గొప్ప సంగతి. వినుట వారికెవరును నేర్పలేదు.

నేర్పుటకు విశాఖపట్టణమున చేయదగిన పనులు లేకపోలేదు. సభలవారు నెలకొక సాయంకాలము ఏబదిమంది పట్టు చిన్నగదిలో, మైకు లేకుండ, శాలువలు లేకుండ, పాడవలసిన పట్టిక ముందు ప్రకటింపకుండ ఒక కచేరీ పెట్టవచ్చును. తని ఆవర్తనమునకు ముందు మృదంగవిద్వాంసుడే లేచి, ఈ తాళమున తాను చేయబోవు లెక్క యేదో రెండు మాటలలో చెప్పవచ్చును. అప్పుడెవరును కాఫీకి లేవరు. పదములను తిరిగి వేదికకు తెచ్చువారు, ఆ విద్యను నిలిపిన కలవంతుల వంశములవారిని పిలిచి, ముందు వారిచే పాడించి, తరువాత తాము పాడవలెను. గృహస్థులు తమ బిడ్డకు వయొలిను చెప్పించునపుడు, ఎన్ని కృతులు వచ్చినవని గురువును అడుగుట మాని, తోడి విద్యార్థి వాయించిన పలుకునకు తిరిగి పలుకు చెప్పగలదా యని యడుగవలెను. ద్వారమువారి పలకను ఇంట వినిపించునపుడు అది మూడు నిమిషములకే యేల ఆగినదో కూడ పిల్లలకు చెప్పవలెను. చెప్పి, ఆగినచోటినుండి ఆ రాగమును తమకు తోచినట్లు కొంత దూరము వాయింపుమనవలెను.